ఒంటిగంటకి వెనక్కి

భోజనాల బల్ల మీద ద్వీపాన్ని పరిచాడు గోవర్ధనం.
ఎగిరిపోకుండా మూలలకి బరువులు:
మార్మలేడ్ సీసా, స్టేప్లర్, నా కళ్ళజోడు డబ్బా,
నాలుగో మూలకి తన మోచెయ్యి.

డండీలో జనవరి.
నాలుగింటికే దీపాలు వేసుకుంటాం.
కిటికీ అవతల టే నది ఉందని నమ్మాలంతే.
పటంలో మాత్రం సముద్రం నీలంగా,
ఇస్త్రీ చేసినట్టు.

గోధుమరంగు గీతలు చూపించి
ఎంత దగ్గరగా ఉంటే అంత నిటారు అన్నాడు.
ముప్ఫై నాలుగేళ్ళుగా ఇంత దగ్గరగా ఉన్నాం,
మరి మనమెంత నిటారో అన్నాను.
వినపడలేదు. వినపడనట్టున్నాడు.

కొండ ఎత్తు వెయ్యిన్నాలుగు మీటర్లు.
ఆ నాలుగే నాకు నచ్చింది.
వెయ్యి దగ్గర ఆగినా ఎవరూ ఏమీ అనరు కదా,
అయినా కూరలమ్మి గుప్పెడు పచ్చిమిరపకాయలు విసిరినట్టు
పైన ఆ కొసరు.

దారంతా రాయి. నీడ లేదు.
ఊట ఒక్కటే, అదీ మొదట్లోనే.
మనిషికి మూడు లీటర్లు, అంటే వీపు మీద మూడు కిలోలు.
అలవాటు పడాలని ప్రతి ఆదివారం
మూడేసి కందిపప్పు పొట్లాలు సంచుల్లో వేసుకుని
ఊరి మధ్య ఉన్న లా గుట్ట ఎక్కుతున్నాం.
కుక్కని తిప్పుతున్న ఒకామె, సంచిలో ఏమిటి అంది.
పప్పు, అన్నాడు.
సూపుకా?
కాదు, కొండకి.
ఆమె కుక్కని దగ్గరికి లాక్కుంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు తోలిన చెయ్యి.
కొండని కూడా కాగితం మీద స్టాపులుగా కోసింది.
ఆరూ పది, గది తాళం.
ఏడుంబావు, ఊట, సీసాలు.
తొమ్మిదీ ఇరవై, మేకల దొడ్డి, అరటిపండు.
నా షుగరు పడిపోతే బిస్కెట్లు ఆరు.
ఏడోది ఎందుకు లేదో చెప్పడు.
అన్నిటికీ కింద, ఎర్ర సిరాతో:
ఒంటిగంటకి వెనక్కి. ఎక్కడున్నా.

ఎక్కడున్నా అంటే?
ఎక్కడున్నా.
శిఖరం పది అడుగుల్లో ఉన్నా?
ఉన్నా.

రెండు రోజులు మాటల్లేవు.
పటం మడవడానికి ఎవరమూ ఒప్పుకోలేదు.
సోఫాలో చెరో కొసన
పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం.
మెడిటరేనియన్ మీద ఓ చారు చుక్క పడింది,
ఎవరిదో తేలలేదు.

మూడో రాత్రి నేనే అడిగాను,
ఆఖరి స్టాపులో ఏం చేసేవాడివని.
ఇంజన్ ఆపేవాణ్ణి. ఆరు నిమిషాలు.
ఫ్లాస్కులో టీ.
సీట్ల కింద చూసేవాణ్ణి,
గొడుగులు, చేతి తొడుగులు, ఓసారి కట్టుడుపళ్ళు.
బోర్డు మార్చి బయల్దేరేవాణ్ణి.
అక్కడ ఏముండేది?
ఏముంది, గోడ.
గోడవతల?
గొర్రెల చప్పుడు.
దిగి చూడలేదా?

ఫ్రిజ్ ఒకసారి వణికి ఆగింది.
అతను పటంలో ఎక్కడో లోయలో చూస్తున్నాడు.
టైముండేది కాదు, అన్నాడు.
ఆరు నిమిషాలుండేదని
ఇప్పుడే కదా చెప్పాడు.
నేనేమీ అనలేదు.

పెన్సిల్ వెతికి
ఎర్ర సిరా పైన ఉన్న ఇరుకులో
ఒక వరస దూర్చాను:
పన్నెండూ యాభై నాలుగు. దిగి చూడడం.

ఎక్కడం కదా, దిగడమేమిటి అన్నాడు.
అని, మళ్ళీ చదివాడు.
కొట్టెయ్యలేదు.
మోచెయ్యి తీశాడు,
ద్వీపం ఆ మూల మెల్లగా చుట్టుకుంది.
పొద్దున లేచి చూస్తే
బిస్కెట్లు ఏడు.